కర్వులో కాంక్రీటు స్లీపర్లు: రబ్బరు ప్యాడ్లు ఏడాదిన్నరకే నలిగిపోతున్నాయి

పీవే_పిల్ల
ఈ సెక్షన్‌లో రైల్వే ట్రాక్ చూసే జూనియర్ ఇంజినీర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. ఒక కర్వు దగ్గర మాత్రం బుర్ర తిరిగిపోతోంది. మీటరుకు 60 కేజీల పట్టా, దాని కింద అడ్డంగా కాంక్రీటు దిమ్మలు (స్లీపర్లు), పట్టాను బిగించి పట్టే మార్క్-3 క్లిప్పులు, పట్టాకు స్లీపర్‌కు మధ్య మామూలు 6 మి.మీ. గాడుల రబ్బరు ప్యాడ్లు. ఏడాదిన్నర కిందటే ప్యాడ్లన్నీ మార్చినట్టు రిజిస్టర్‌లో ఉంది.

నిన్న బ్లాక్ (రైళ్లు ఆపి పని చేసుకునే టైం) దొరికితే పన్నెండు స్లీపర్ల దగ్గర క్లిప్పులు తీయించి, పట్టా జాక్‌తో కొద్దిగా ఎత్తించి చూశాను. తొమ్మిది ప్యాడ్లకు గాడులే లేవు. అరిగిన చెప్పు అడుగులా నున్నగా ఉన్నాయి. రెండు జారి సగం బయటికి వచ్చాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే అంచు పొడిపొడిగా రాలింది. దాని కింద స్లీపర్ మీద వేలు పెడితే గరుకుగా తగిలింది. పైన సిమెంటు పొర పోయి లోపలి చిన్న రాళ్లు తేలాయి.

ప్యాడ్లు మారిస్తే సరిపోతుందా, లేక మళ్లీ ఏడాదిన్నరకు ఇదే కథా? మా గ్యాంగు పెద్ద, మేట్ ఏమో "చెక్క స్లీపర్లప్పుడు ఈ గోలే లేదు మేడమ్" అంటాడు.

పాతపట్టా
ముందు ఒక్కటి చెప్పమ్మా. నలిగినవి లోపలి పట్టా కిందవా, బయటి పట్టా కిందవా?

పీవే_పిల్ల
అన్నీ లోపలి పట్టా కిందవే సార్. బయటి పట్టా వైపు కూడా నాలుగు తీసి చూశాం, బాగానే ఉన్నాయి.

పాతపట్టా
అయితే సగం జవాబు నువ్వే ఇచ్చావు. ఆ కర్వు మీద గూడ్సులు ఎంత స్పీడులో పోతున్నాయి? క్యాంట్, అంటే లోపలి పట్టా కంటే బయటి పట్టా ఎత్తు, ఎంత పెట్టారు? ఎక్స్‌ప్రెస్‌ల స్పీడు చూసి బయటి పట్టాను ఎత్తుతాం. అదే క్యాంట్ మీద గూడ్సు నెమ్మదిగా పోతే బరువంతా లోపలి పట్టా మీదకు ఒరుగుతుంది. మనకు క్యాంట్ ఎక్సెస్, అంటే ఆ స్పీడుకు అవసరమైన దానికంటే ఎక్కువైన ఎత్తు, 75 మి.మీ. దాటకూడదని ఉంది కదా, నీ గూడ్సుల అసలు స్పీడుతో లెక్క వేసి చూడు. బోర్డు మీది స్పీడుతో కాదు.

బీట్_నడక
నేను కీమ్యాన్‌ని, పదకొండేళ్లుగా రోజూ నా బీట్, అంటే నాకు అప్పగించిన ట్రాక్ ముక్క, చూసుకుంటూ నడుస్తున్నా. మేడమ్, ప్యాడ్ పోయిందో లేదో పట్టా ఎత్తకుండానే తెలుస్తుంది. క్లిప్పు మీద సుత్తితో చిన్నగా కొడితే, గట్టిగా ఉన్నది ఠంగుమంటుంది. కింద ప్యాడ్ పలచబడ్డది డబ్బుమంటుంది. ఇంకొకటి, స్లీపర్ చివర్ల చుట్టూ కంకర మీద తెల్లపొడి ఉందేమో చూడండి. ఉంటే ఆ స్లీపర్ కింద బోలు ఉన్నట్టే. బండి వెళ్లినప్పుడల్లా స్లీపర్ లేచి పడుతూ రాళ్లను రుబ్బుతుంది.

సివిల్_ఫైనలియర్
అసలు చెక్కకు లేని సమస్య కాంక్రీటుకు ఎందుకు వస్తుంది? కాంక్రీటు గట్టిది కదా, ఎక్కువ కాలం రావాలి కదా?

రబ్బరు_మిక్సింగ్
గట్టిది కావడమే సమస్య. చెక్క కొంచెం నొక్కుకుని దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. కాంక్రీటు ఇముడ్చుకోదు, పైనుంచి వచ్చింది వచ్చినట్టే కింది కంకరకు అప్పజెబుతుంది. కిలోమీటరుకు 1660 స్లీపర్లు అంటే ఒక్కోటీ సుమారు 60 సెం.మీ. దూరం. 110 కి.మీ. వేగంలో ఒక చక్రం సెకనుకు దాదాపు 50 స్లీపర్లు దాటుతుంది. పట్టా ప్రతి స్లీపర్ దగ్గర గట్టిగా, మధ్యలో మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ లయలోనే అదురు పుడుతుంది. చక్రం మీద చదునైన మచ్చ ఉంటే దానికి తోడు సుత్తి దెబ్బలు. వీటన్నిటికీ పట్టాకు, కాంక్రీటుకు మధ్య ఉన్నది ఆ 6 మి.మీ. రబ్బరు ఒక్కటే.

నేను రబ్బరు వస్తువుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను కాబట్టి గాడుల సంగతి చెబుతా, చాలామందికి తెలియదు. రబ్బరు నొక్కితే పరిమాణం తగ్గదు, పక్కలకు మాత్రమే జరుగుతుంది. చపాతీ పిండిని అరచేత్తో అదిమితే ఎలా పాకుతుందో అలా. పక్కకు జరగడానికి చోటు లేకపోతే రబ్బరు కూడా రాయిలాగే ప్రవర్తిస్తుంది. ఆ చోటు కోసమే గాడులు. కాబట్టి గాడులు మూసుకుపోయిన రోజే ప్యాడ్ పని అయిపోయింది. మందం ఇంకా 5 మి.మీ. ఉన్నా సరే. గేజ్ పెట్టి మందం మాత్రమే కొలిచి "బాగానే ఉంది" అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

లోకో_కుర్చీ
మీరంతా ట్రాక్ గురించే మాట్లాడుతున్నారు. అసలు దొంగ చక్రమండీ. వ్యాగన్ బ్రేకు పట్టేసి చక్రం ఈడ్చుకుపోతే మచ్చ పడుతుంది. అది లక్ష దెబ్బలు కొట్టాక ఏ ప్యాడ్ నిలుస్తుంది? ఇంపాక్ట్ కొలిచే యంత్రాలు ఇంకా చాలాచోట్ల పెట్టాలి. వాటిలో పట్టుబడ్డ వ్యాగన్‌ను వెంటనే పక్కన పెట్టాలి.

పాతపట్టా
@లోకో_కుర్చీ చక్రం దోషమైతే సెక్షన్ అంతా ప్యాడ్లు పోవాలి నాయనా, ఒక్క కర్వే ఎందుకు పోతుంది? అదీ లోపలి వైపే ఎందుకు?

లోకో_కుర్చీ
అదీ నిజమే. ఒప్పుకుంటున్నా.

కొలంబియా_గట్టు
నేను అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటాను, రైల్వే కన్సల్టెన్సీలో పని. ఇక్కడ స్లీపర్‌ను టై అంటారు. ఎక్కువ భాగం ఇప్పటికీ చెక్కే, బరువైన గూడ్సు లైన్లలో, కర్వుల్లో కాంక్రీటు. పీవే_పిల్ల చెప్పిన "గరుకుగా తగిలింది" అన్న మాట చదవగానే భయమేసింది. దానికి ఇక్కడ ప్రత్యేకంగా పేరే ఉంది, రైల్ సీట్ అరుగుదల.

2005 ఏప్రిల్ 3న ఇక్కడే కొలంబియా నది పక్కన హోమ్ వ్యాలీ దగ్గర ఒక ఆమ్‌ట్రాక్ ప్యాసింజర్ రైలు పట్టాలు తప్పింది. కర్వులో కాంక్రీటు టైల మీద పట్టా కూర్చునే చోటు బాగా అరిగిపోయి బయటి పట్టా బయటికి వాలింది, గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) వెడల్పయింది. కుదుపు ఎక్కువగా ఉందని అంతకుముందే చాలాసార్లు చెప్పినా సరిగా పట్టించుకోలేదని విచారణలో తేలింది. చాలామందికి దెబ్బలు తగిలాయి, అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. తర్వాత 2011లో ఇక్కడి నియమాల్లో కాంక్రీటు టైలకు కొలత పెట్టారు. పట్టా కింద అర అంగుళం, అంటే దాదాపు 13 మి.మీ. లోతు అరిగితే దాన్ని పనికొచ్చే టైగా లెక్కించకూడదు.

అరుగుదలకు మూడు కలవాలి: నీరు, సన్నటి ఇసుక లాంటి పొడి, పైన పట్టా కదలిక. ప్యాడ్ కింద నీరు చేరితే బండి బరువుకు ఆ నీరు పిచికారీలా చిమ్ముతుంది, ఇసుక గరుకు కాగితంలా గీస్తుంది. పొడిగా ఉన్నచోట అరుగుదల చాలా తక్కువ. మీ దగ్గర ఇసుక ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి.

పీవే_పిల్ల
మాది అరిగింది బయటి వైపు కాదు, లోపలి వైపు. లోతు 3, 4 మి.మీ. ఉంటుందేమో, ఇంకా సరిగా కొలవలేదు. కానీ ఇసుక? ఇక్కడ ఏరూ లేదు, ఇసుక లారీలూ లేవు.

లోకో_కుర్చీ
మేడమ్, ఆ కర్వు దగ్గర్లో సిగ్నల్ ఏమైనా ఉందా? గ్రేడియంట్ ఎక్కుడా?

పీవే_పిల్ల
ఉందండీ. కర్వు దాటాక హోమ్ సిగ్నల్, అంటే స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్. గూడ్సులు రోజూ రెండు మూడు అక్కడే ఆగుతాయి. ఎక్కుడే.

లోకో_కుర్చీ
అయితే ఇసుక మాదే! లోడ్ గూడ్సు ఎక్కుడు మీద ఆగి మళ్లీ కదలాలంటే చక్రాలు జారతాయి. అప్పుడు ఇంజిను ఇసుక పెట్టెల్లోంచి పట్టా మీద ఇసుక వేస్తాం. వానాకాలం అయితే ఇంకా ఎక్కువ. ఇన్నేళ్లుగా వేస్తూనే ఉన్నా, ఆ ఇసుక చివరికి ఎక్కడికి పోతుందో ఏ రోజూ ఆలోచించలేదు.

బీట్_నడక
నా బీట్‌లో కూడా స్టార్టర్ సిగ్నల్ దగ్గర పట్టా పక్కన ఇసుక మేటలు కనిపిస్తాయి. చీపురుతో ఊడుస్తాం కానీ ప్యాడ్ కిందకు పోయింది ఎవరు చూస్తారు.

పాతపట్టా
ఇప్పుడు కథ కుదిరింది. లోపలి పట్టా పల్లం వైపు, నీళ్లన్నీ అటే దిగుతాయి. సెస్, అంటే కంకర పక్కనున్న మట్టి అంచు, ఎత్తుగా పేరుకుపోయి ఉంటే నీళ్లు బయటికి పోవు. నెమ్మది గూడ్సుల బరువూ అటే. ఆగి బయలుదేరేటప్పుడు ఇసుకా పడుతుంది. అన్నీ కలిసి ఆ తొమ్మిది ప్యాడ్లను తినేశాయి. రేపు వెళ్లి సెస్ చూడమ్మా, కంకర కంటే పైన ఉందా, కింద ఉందా.

ఇక మీ మేట్ మాట. చెక్క స్లీపర్ల కాలంలో నేను గ్యాంగులతో తిరిగాను. మేకు రంధ్రాలు వదులయ్యేవి, చెద పట్టేది, వానకు కుళ్లేది. పది పదిహేనేళ్లకు మార్చాల్సిందే. అడవులు ఎక్కడి నుంచి తెస్తాం? చెక్కకు ముందూ తర్వాతా పోత ఇనుము సీఎస్‌టీ-9 స్లీపర్లూ వాడాం, వాటి గలగల ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇప్పటి పొడవాటి వెల్డింగు పట్టా ఎండకు పక్కకు వంగకుండా ఉందంటే కాంక్రీటు బరువు వల్లే. ఒక్కో స్లీపర్ పావు టన్ను పైమాటే. ఆ బరువు వదులుకోలేం. దానికి మెత్తదనం మనమే ఇచ్చుకోవాలి.

పట్టాలపక్క_ఇల్లు
నా గోడు కూడా వినండి. మా ఇల్లు ట్రాక్‌కు పాతిక మీటర్ల దూరం. ఈ రెండేళ్లలో అదురు బాగా పెరిగింది. రాత్రి గూడ్సు పోతుంటే షెల్ఫులో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. మా అమ్మ బీపీ మనిషి, ఉలిక్కిపడి లేస్తుంది. మీరు చెప్పే మెత్తటి ప్యాడ్లు వేస్తే మా ఇంటికి ఏమైనా తగ్గుతుందా?

మెట్రో_వయాడక్ట్
కొంచెమే తగ్గుతుందండీ. పట్టాకు, స్లీపర్‌కు మధ్య ప్యాడ్ ఎక్కువగా ఆపేది వేగంగా కొట్టుకునే అదురును, అంటే చెవికి వినబడే మోత లాంటిది. నేలలోంచి వచ్చి మీ గ్లాసులను కదిపేది నెమ్మది అదురు. దాన్ని ఆపాలంటే మెత్తదనం ఇంకా కిందికి దిగాలి, దాని పైన బరువూ ఎక్కువ ఉండాలి. స్లీపర్ అడుగున ప్యాడ్, లేదా కంకర కింద పరిచే రబ్బరు చాప. మెట్రోలో ఆసుపత్రులు, పాత కట్టడాల పక్కన అయితే మొత్తం కాంక్రీటు పలకనే రబ్బరు దిమ్మల మీదో స్ప్రింగుల మీదో తేలేస్తారు. ఖర్చు చాలా ఎక్కువ, అందుకే అవసరమైన చోటే.

అయితే రెండేళ్లలోనే పెరిగిందంటున్నారు కాబట్టి అది దూరం వల్ల కాదు, ట్రాక్‌లో ఏదో చెడింది. అక్కడ జాయింట్ కానీ, వెల్డింగు కానీ, బోలు స్లీపర్లు కానీ ఉండొచ్చు. టైమూ, కిలోమీటరు రాయీ రాసి సెక్షన్ ఆఫీసులో కాగితం ఇవ్వండి. "ఇల్లు అదురుతోంది" అని మాత్రమే రాస్తే ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలియదు.

పట్టాలపక్క_ఇల్లు
మా ఇంటి ఎదురుగానే పట్టా అతుకు ఉంది. ఫోటో తీసి ఇస్తా. థాంక్స్ అండీ.

సివిల్_ఫైనలియర్
స్లీపర్ అడుగున ప్యాడ్ అన్నారు, మన దగ్గర చూడలేదు. ఎలా అంటిస్తారు?

మెట్రో_వయాడక్ట్
స్లీపర్ పోత పోసేటప్పుడే కాంక్రీటు పచ్చిగా ఉండగా అడుగున అద్దేస్తారు, అందులోనే పట్టుకుపోతుంది. పాలీయురేథేన్ లాంటి పదార్థాలు వాడతారు. ఆస్ట్రియా రైల్వే అందరికంటే ఎక్కువగా వాడుతోంది. లాభం ఎక్కడంటే, ఉత్త కాంక్రీటు అడుగు కంకర మీద రాళ్ల మొనల దగ్గరే ఆనుతుంది. అక్కడే బరువంతా పడి మొనలు పొడి అయిపోతాయి. ప్యాడ్ ఉంటే రాళ్లు దానిలోకి కొంచెం దిగి కూర్చుంటాయి, ఆనే చోటు చాలా పెరుగుతుంది. కంకర నలగదు, స్లీపర్ కింద కంకర కూరే ట్యాంపింగ్ మిషన్ తరచుగా పిలవక్కర్లేదు.

పాతపట్టా
బాగుంది కానీ, నీళ్లు నిలిచి బురద పైకి ఎక్కే చోట ఆ ప్యాడ్ కూడా బురదలోనే కూర్చుంటుంది. ముందు కాలువ తవ్వకుండా పైన ఎన్ని పరుపులు వేసినా అంతే. అందరం కొత్త వస్తువు అడుగుతాం, పార పట్టుకునే పని ఎవరూ అడగరు. నా సర్వీసులో ట్రాక్ చెడిన చోట పదిలో ఏడుసార్లు నీళ్లే కారణం.

రబ్బరు_మిక్సింగ్
@పాతపట్టా గారితో పూర్తిగా ఏకీభవించను. కాలువ బాగున్న చోట కూడా వంతెన చివర్లలో, బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే పాయింట్ల దగ్గర గట్టిదనం ఒక్కసారిగా మారుతుంది. అక్కడ కాలువ ఒక్కటే చాలదు, స్లీపర్ కింద ప్యాడ్ సాయపడుతుంది. కానీ మెత్తగా ఉంటే చాలనుకోవడం కూడా తప్పే. మరీ మెత్తటి ప్యాడ్ వేస్తే పట్టా బండి బండికీ ఎక్కువ ఊగుతుంది, క్లిప్పు కూడా దానితోపాటు ఊగి అలసిపోయి విరుగుతుంది. అందుకే బరువు లైన్లకు 10 మి.మీ. ప్యాడ్ ఇచ్చేటప్పుడు స్లీపర్, క్లిప్పు, లైనర్ (క్లిప్పుకు, పట్టా పాదానికి మధ్య ఉండే ముక్క) అన్నీ దానికి తగ్గవే ఇస్తారు. 6 స్థానంలో 10 దూర్చేయకండి. మార్క్-3 క్లిప్పు పట్టు 850 నుంచి 1100 కేజీలు ఉండాలి, మందం మారితే ఆ లెక్కంతా చెడుతుంది.

ఉప్పుగాలి
సముద్రం ఒడ్డు సెక్షన్ల వాళ్లం ఇంకోటి చేర్చుతాం. లైనర్ ఆనే చోట పట్టా పాదాన్ని తుప్పు కొరికేస్తుంది, క్లిప్పు స్లీపర్‌లో పాతిన ఇనుప ముక్కలో, అంటే ఇన్సర్ట్‌లో, బిగుసుకుపోతుంది. తీయబోతే సుత్తి దెబ్బలకు ఇన్సర్టే కదులుతుంది. ప్యాడ్లు మార్చే రోజునే క్లిప్పుకు, ఇన్సర్ట్‌కు గ్రాఫైట్ గ్రీజు పూయండి. నైలాన్ లైనర్ పగిలిందేమో కూడా చూడండి. అది పగిలిందా, పైన క్లిప్పు ఎంత కొత్తదైనా పట్టా వదులే.

సివిల్_ఫైనలియర్
కాంక్రీటూ కాదు, చెక్కా కాదు, ప్లాస్టిక్ స్లీపర్లు అంటున్నారు కదా. అవి వేస్తే ఈ అదురు బాధే ఉండదుగా?

కొలంబియా_గట్టు
వాటికి వాటి చోటు ఉంది. జపాన్‌లో గాజు పోగులు కలిపిన పాలీయురేథేన్ నురగ స్లీపర్లు 1980ల నుంచి వాడుతున్నారు, ముఖ్యంగా స్టీలు వంతెనల మీద, పాయింట్ల దగ్గర. రంపంతో కోయొచ్చు, డ్రిల్లు వేయొచ్చు, అచ్చం చెక్కలాగే. కానీ మామూలు లైన్‌లో కిలోమీటరుకు 1660 అవే వేయాలంటే ఖర్చు భరించలేం. రీసైకిల్ ప్లాస్టిక్‌వి వాటికంటే చవకే, కానీ ఎండకు సాగుతాయి, అప్పుడు గేజ్ చూసుకోవాలి. ఆంధ్రా ఎండలో అది చిన్న విషయం కాదు.

పాతపట్టా
మన గర్డరు వంతెనల మీద కూడా చెక్క పోయి స్టీలు చానెల్ స్లీపర్లు, ఇప్పుడు కాంపోజిట్ వస్తున్నాయి. అక్కడ కాంక్రీటు బరువు గర్డరుకు భారం కాబట్టి. కర్వు సంగతికి రండి.

పీవే_పిల్ల
ఈ వారం చేసింది రాస్తున్నా. సెస్ చూశాను సార్. లోపలి వైపు కంకర కంటే ఒక జానెడు ఎత్తుగా మట్టి పేరుకుని, పైన గడ్డి మొలిచి ఉంది. నీళ్లు పోయే దారే లేదు. గ్యాంగుతో రెండు రోజులు పని చేయించి మట్టి కోసి, అడ్డకాలువలు తీశాం. తవ్వుతుంటే స్లీపర్ల చివర కంకర బురదతో అతుక్కుపోయి ముద్దలు ముద్దలుగా వచ్చింది.

గూడ్సుల స్పీడు వారం రోజులు రాసుకున్నా. చాలావాటికి ఆ కర్వులో 25 దాటడం లేదు, పెట్టిన క్యాంట్ వాటికి ఎక్కువే. ఎంత తగ్గించొచ్చో ఎక్స్‌ప్రెస్‌ల లెక్క కూడా చూసి పై ఆఫీసర్ నిర్ణయించాలి, కాగితం పంపాను.

అరుగుదల కొలిచాం. ఎక్కువ ఉన్నచోట 4 మి.మీ. స్లీపర్లు మార్చక్కర్లేదన్నారు. కానీ కొత్త ప్యాడ్ ఆ గరుకు మీదే పెట్టాలా?

కొలంబియా_గట్టు
పెట్టొద్దు. ఇక్కడైతే వైరు బ్రష్‌తో గీకి, ఇసుక అంతా ఊది, పూర్తిగా ఆరాక ఎపాక్సీ లేదా పాలీయురేథేన్ పూసి చదును చేస్తారు. తడి ఉండగా పూస్తే పొరలా ఊడి వస్తుంది, అప్పుడు అది కూడా ప్యాడ్ కింద ఇంకో గరుకు ముక్క అవుతుంది. మీ దగ్గర ఆమోదం ఉన్న మందు ఏదో ముందు కనుక్కోండి.

బీట్_నడక
మందు వచ్చేదాకా కనీసం గుడ్డతో తుడిచి పెట్టించండి మేడమ్. మా దగ్గర హడావిడిగా ప్యాడ్ మార్చేటప్పుడు కింద ఇసుక అలాగే ఉంటుంది. బ్లాక్ టైం అయిపోతుందని టెన్షన్, ఎవరూ తుడవరు. ఒక్కో దానికి పది సెకన్లు చాలు.

పాతపట్టా
ట్యాంపింగ్‌కు కూడా చెప్పమ్మా. మధ్యలో మాత్రం గట్టిగా కూరనివ్వకు. పట్టాల కిందే ప్యాకింగ్ ఉండాలి. స్లీపర్ నడుము మీద నిలబడితే రెండు చివర్లూ వంగి మధ్యలో పైన బీట పడుతుంది. అప్పుడు ప్యాడ్ కాదు, స్లీపరే పోతుంది.

లోకో_కుర్చీ
మా డ్రైవర్లు డ్యూటీ ఎక్కే లాబీలో ఈ విషయం చెప్పాను. ఆ సిగ్నల్ దగ్గర అవసరమైనంత వరకే ఇసుక వేయమని మావాళ్లకు నేను చెబుతా. స్టేషన్ మాస్టరుతో కూడా మాట్లాడండి. లోపల లైను ఖాళీ అయ్యేదాకా లోడ్ గూడ్సును వెనక స్టేషన్‌లోనే సమంగా ఉన్నచోట ఆపితే, ఎక్కుడు మీద ఆగే పనే ఉండదు.

పీవే_పిల్ల
ఇది నాకు తట్టనే లేదు! రేపే మాట్లాడతా.

పీవే_పిల్ల
మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నా. ఇరవై నాలుగు స్లీపర్లకు ప్యాడ్లు, లైనర్లు మార్చాం. పన్నెండింటి సీటు బ్రష్‌తో గీకి తుడిచి పెట్టాం, మిగతా పన్నెండు మామూలుగా మార్చే పద్ధతిలోనే వదిలాం. తేడా కళ్లతో చూద్దామని. నిన్న రాత్రి పెద్ద వాన పడింది. పొద్దున ఆరింటికే వెళ్లాను. కాలువలో నీళ్లు పారుతున్నాయి, స్లీపర్ల చివర్లలో ఎక్కడా నిలవలేదు. గూడ్సు పోతుంటే పక్కన నిలబడి చూశాను. ఇదివరకు లోపలి వైపు బురద నీళ్లు చిమ్మేవి, ఈసారి రాలేదు.

బీట్_నడక
తుడిచిన పన్నెండింటికి స్లీపర్ చివర పసుపు పెయింటుతో తారీఖు రాయించండి మేడమ్. మీకు ట్రాన్స్‌ఫర్ అయినా తర్వాత వచ్చే కీమ్యాన్‌కు తెలుస్తుంది.

పీవే_పిల్ల
ఇప్పుడే పెయింటు డబ్బా తీసుకుని బయలుదేరుతున్నా.